తైవి ఒడ్డు కబుర్లు

ఆగస్టులో కిల్‌గెరన్ జనం సరదాగా నీళ్లలో పడతారు. పందెం అలాంటిది మరి. పడవ ఒక్క మనిషికి సరిపోయేంత. అడుగు చదునుగా ఉంటుంది, చుక్కాని ఉండదు. కూర్చున్నవాడు కాస్త పక్కకి ఒరిగితే పడవ కూడా ఒరిగి అతన్ని ఏటికి అప్పగిస్తుంది. అలవాటున్నవాళ్లు పడవకి ముందు వైపు తెడ్డు ముంచి, నీళ్లలో 8 అంకె దిద్దుతున్నట్టు తిప్పుతూ దర్జాగా వెళ్లిపోతారు. కొత్తవాళ్లు ఉన్నచోటే గిర్రున తిరుగుతారు. గట్టు మీదివాళ్లు ఎక్కువగా చప్పట్లు కొట్టేది ఈ రెండో రకానికే. 1950లో మొదలైన పందేలివి. వేల్స్‌లో పుట్టిని చూడాలంటే ప్రదర్శనశాలకి వెళ్లడం కంటే ఈ రోజున ఇక్కడికి రావడం మేలని నా అభిప్రాయం.

అవును, అది పుట్టే. కృష్ణలో, తుంగభద్రలో మనవాళ్లు వేసే పుట్టికి దూరపు చుట్టం. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే పేరు, కొరకిల్.

ఊరెక్కడో చెప్పలేదు కదూ. వేల్స్ నైరుతి మూలన పెంబ్రోక్‌షైర్‌లో, తైవి నదికి దక్షిణపు గట్టున ఉంది కిల్‌గెరన్. మధ్య వేల్స్ కొండల్లో పుట్టి దాదాపు 120 కిలోమీటర్లు నడిచిన తైవి, ఇంకో గంట నడిస్తే కార్డిగన్ పట్నం, ఆపైన సముద్రం అనగా, ఇక్కడ ఒక ఇరుకు లోయలో దూరుతుంది. రెండు పక్కలా నిటారు గట్లు, వాటి నిండా ఓక్ చెట్లు. పైన రాతిగుట్ట మీద పాత కోట. కోట పక్క నుంచి సాగే ఒక పొడుగాటి వీధి, అదే ఊరు. సముద్రపు పోటు ఈ ఊరు దాటి లెచ్‌రిడ్ వంతెన దాకా వస్తుంది. అందుకని ఒడ్డున చేసే పనులన్నీ గడియారంతో పాటు పోటుపాట్ల పట్టికని కూడా చూసుకుని చేయాలి, పందేలతో సహా.

ముందు పుట్టి సంగతి తేల్చేద్దాం. తైవి పుట్టికి విల్లో కర్రని బద్దలుగా చీల్చి, అడ్డంగా నిలువుగా అల్లి చట్రం కడతారు. అంచు చుట్టూ హేజెల్ కొమ్మలు జడలా అల్లుతారు. మధ్యలో కూర్చోడానికి ఒక అడ్డపలక. పైన పూర్వం పశువుల తోలు కప్పేవారు, తర్వాత మందపాటి గుడ్డ కప్పి తారు పూయడం మొదలైంది. పలకకి ఒక పట్టీ ఉంటుంది. పని అయిపోగానే ఆ పట్టీని భుజాల మీదుగా వేసుకుని, పడవని వీపున బోర్లించుకుని ఇంటికి నడిచిపోవచ్చు. గట్టు మీద బారుగా నడిచే జాలరుల్ని వెనక నుంచి చూస్తే నల్లటి తాబేళ్లు రెండు కాళ్ల మీద లేచి ఇంటిదారి పట్టినట్టుంటుంది. మన పుట్టి అలా కాదు. వెదురు తడకతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట, పదిమందిని దాటిస్తుంది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కృష్ణని దాటింది ఎద్దుతోళ్లు కప్పిన అలాంటి బుట్టలోనే. మనది రేవు దాటించే బండి, వీళ్లది చేపలు పట్టే పనిముట్టు.

ఈ రెంటినీ చూసి రాసిన మనిషి ఒకడున్నాడు, జేమ్స్ హోర్నెల్. మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖకి డైరెక్టరుగా పనిచేశాడు. అప్పట్లో కోస్తా జిల్లాలూ రాయలసీమా ఆ ప్రెసిడెన్సీలోవే. ఉద్యోగరీత్యా మన తీరాల పడవలన్నీ పట్టి పట్టి చూసి, రిటైరయ్యాక స్వదేశంలో ఏటి ఒడ్లు పట్టుకు తిరిగాడు. 1938లో బ్రిటన్ పుట్టుల మీద, ఐర్లండ్ తోలు పడవల మీద ఆయన వేసిన పుస్తకం నేటికీ ఆ విషయంలో పెద్దబాలశిక్ష. వేల్స్‌లో ఏ ఏటికి ఆ ఏటి పుట్టే ఉంటుందనీ, ఆకారం, అల్లిక, తెడ్డు అన్నీ మారిపోతాయనీ కొలతలతో సహా రాసిపెట్టాడు. తైవి పుట్టిని చూసినవాడు టవీ నది పుట్టిని చూస్తే ఇది వేరే ఊరిదని ఇట్టే చెప్పేస్తాడు. కిల్‌గెరన్‌కి ఎగువన కెనార్థ్ అనే ఊళ్లో, పాత మిల్లు పక్కన, దేశదేశాల పుట్టుల్ని చేర్చిన ప్రదర్శనశాల ఉంది. వాటిలో మన దేశపు పుట్టి కూడా ఉంది.

చేపలు పట్టే తీరు చూడ్డానికి బాగుంటుంది. అసలు చూడనిస్తే. రెండు పుట్టులు పక్కపక్కనే ఏటివాలుకి దిగుతాయి, మధ్యలో వల. ఒక్కొక్కరు ఒక చేత్తో తెడ్డు, ఇంకో చేత్తో వలతాడు. చేప తగిలిందని చేతికి తెలియగానే రెండు పడవలూ దగ్గరికొస్తాయి, వల మూసుకుంటుంది. ఇదంతా రాత్రిపూట, చీకట్లో. పగలైతే చేప వలని చూసి తప్పుకుంటుంది. కావలసింది సాల్మన్, దానితోపాటు సముద్రానికి వెళ్లొచ్చే ట్రౌట్. ఇక్కడివాళ్లు దాన్ని స్యూవిన్ అంటారు. రుచిలో సాల్మన్ కంటే ఇదే గొప్పదని వీళ్ల పట్టుదల. పులస గురించి గోదావరి వాళ్లతో వాదించి గెలిచినవాళ్లెవరైనా ఉంటే వెళ్లి వీళ్లతో కూడా వాదించొచ్చు.

19వ శతాబ్దంలో తైవి మీద పుట్టులు వందల్లో ఉండేవి. గాలంతో సరదాకి పట్టే దొరలకీ, వలతో బతుకుతెరువుకి పట్టే జాలరులకీ మధ్య తగాదా కూడా అంతే పాతది. 1930లలో నది ఎగువ భాగంలో కొత్తవాళ్లకి లైసెన్సులు ఇవ్వడం ఆపేశారు. ఉన్నవాళ్ల తరంతో కెనార్థ్‌లో వల పని ముగిసింది. పోటు వచ్చే భాగంలో ఉంది కాబట్టి కిల్‌గెరన్ కొంత బతికిపోయింది. ఇప్పుడు ఇక్కడ కూడా లైసెన్సులు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. 2020 నుంచి సాల్మన్ వలలో పడ్డా గాలానికి చిక్కినా ప్రాణంతో వదిలేయాల్సిందే. నదిలో చేప తరిగిపోతోంది, అది నిజం. వందల పుట్టులున్న రోజుల్లో నిండుగా ఉన్న చేప, గుప్పెడు పుట్టులు మిగిలినప్పుడు తరిగిందంటే తప్పు పుట్టిదేనా అని జాలరులు అడిగేదీ నిజమే. పొలాల నుంచి, ఊళ్ల నుంచి నీళ్లలో కలిసేవాటి మాట, వేడెక్కుతున్న సముద్రం మాట ఎవరైనా ఎత్తితే ఒడ్డున చర్చ సాయంత్రం దాకా సాగుతుంది. నా మటుకు నాకు జాలరి వైపే మొగ్గు. అయితే చట్టం చేసినవాడి ఇబ్బంది కూడా అర్థమవుతుంది.

ఇంత జరిగాక పుట్టి చేసే చెయ్యి ఎలా మిగిలిందంటే, పందేల వల్లే. ఆగస్టులో ఒక రోజు ఆట కోసం ఏడాది పొడుగునా ఎవరో ఒకరు విల్లో కోసి నానబెడుతున్నారు, తారు కాస్తున్నారు. పని పోయాక ఆట మిగలడం చాలా ఊళ్లలో చూస్తాం. ఇక్కడ ఆటే పనిని కాపాడింది.

పందేల హడావిడి తగ్గి సెప్టెంబరు దాటిందంటే కబుర్లు కెనార్థ్‌కి మారతాయి. అక్కడ తైవి రాతి మెట్ల మీదుగా దూకుతుంది. జలపాతం పెద్దదేం కాదు. శరత్కాలపు వానలకి నీళ్లు పెరిగినప్పుడు, గుడ్లు పెట్టడానికి ఎగువకి పోయే సాల్మన్ ఆ మెట్లని ఎగిరి దాటాలి. మొదటి దూకుకి రాయికి కొట్టుకుని వెనక్కి పడుతుంది. మళ్లీ దూకుతుంది. వంతెన దగ్గర గొడుగులు పట్టుకుని జనం నిలబడి ఉంటారు, చేప దాటితే హమ్మయ్య అంటారు. ఆ వంతెన 1787 నాటిది. కమానుల మధ్య గోడలో గుండ్రటి పెద్ద కన్నాలుంటాయి. గోడ బరువు తగ్గడానికి, వరదొస్తే నీళ్లు కూడా పోవడానికి ఆ ఏర్పాటు.

ఈ చేపల దూకుడు గురించి 12వ శతాబ్దంలోనే రాసిపెట్టినవాడున్నాడు, గెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే మతాచార్యుడు. 1188లో మూడో క్రూసేడ్ యుద్ధానికి మనుషుల్ని చేర్చడానికి ఆర్చ్‌బిషప్ బాల్డ్విన్ వేల్స్ అంతా తిరుగుతుంటే, ఈయన వెంట ఉండి చూసిందీ విన్నదీ రాసుకున్నాడు. వినికిడి పాలు కాస్త ఎక్కువే. పుట్టిలో పడ్డ సాల్మన్ తోకతో ఒక్కటి కొడితే పడవ తిరగబడుతుందంటాడు, ఇది నమ్మొచ్చు. వేల్స్ మొత్తంలో బీవర్లు మిగిలింది తైవిలోనే అంటాడు, ఇదీ సరే. వేటగాడు తరుముతుంటే బీవర్ తన వృషణాల్ని తనే కొరికి పారేసి ప్రాణం దక్కించుకుంటుందని కూడా అంటాడు. వాటిలో మందు ఉందని వేటగాడు వచ్చాడు కాబట్టి, వాడికి కావలసింది వాడికిచ్చేస్తుందట! పాపం, బీవర్లు ఇవేవీ కొరుక్కోకుండానే వేటకి అంతరించాయి.

గెరాల్డ్ పేరు వచ్చింది కాబట్టి వాళ్లింటి కబురు చెప్పకుండా ఉండలేను. ఈయన అమ్మమ్మ పేరు నెస్ట్. దక్షిణ వేల్స్ రాజు రీస్ ఆప్ ట్యూడర్ కూతురు, గొప్ప అందగత్తె. ఇంగ్లండు రాజు మొదటి హెన్రీతో ఒక కొడుకుని కన్నది. ఆ తర్వాత పెంబ్రోక్ కోట అధికారి గెరాల్డ్ ఆఫ్ విండ్సర్‌కి భార్య అయింది. మనవడికి తాత పేరే వచ్చిందన్నమాట. 1109 క్రిస్మస్ రోజుల్లో, పోవిస్ యువరాజు ఓవైన్ ఒక విందులో ఈమె అందం గురించి విన్నాడు. వరసకి దూరపు బంధువే. కొద్దిమందితో రాత్రిపూట కోటలో జొరబడి నిప్పు పెట్టాడు. లోపల మొగుడూ పెళ్లాం పిల్లలూ ఉన్నారు. బయటికి వెళ్తే నిన్ను చంపుతారు, వెళ్లకు అని నెస్ట్ మొగుణ్ని ఆపి, పాయఖానా గొట్టం గుండా కిందికి దించి తప్పించింది. ఓవైన్ ఆమెనీ పిల్లల్నీ ఎత్తుకుపోయాడు. దాని మీద వేల్స్ అంతా యుద్ధం రేగింది. ఓవైన్ ఐర్లండ్ పారిపోయాడు, తిరిగొచ్చాడు, రాజుగారితో రాజీ కూడా పడ్డాడు. కానీ మొగుడు మర్చిపోలేదు. 1116లో ఓవైన్ రాజు పక్షానే పోరాడుతూ వెళ్తుంటే దారిలో పట్టుకుని చంపాడు.

ఆ రాత్రి కాలిన కోట కిల్‌గెరనేనని ఇక్కడివాళ్ల మాట. కాదు, కేర్యూ కోట అని దక్షిణాది వాళ్ల మాట. చరిత్రలో దాని పేరు కెనార్థ్ బిహాన్, అంటే చిన్న కెనార్థ్ అని ఉంది. అసలు కెనార్థ్ ఇంత దగ్గర్లో ఉన్నాక నేను కిల్‌గెరన్ పక్షమే. పైగా పాయఖానా గొట్టం లోంచి దిగి తప్పించుకోవడానికి ఈ లోయ అంచు కంటే అనువైన చోటేది? అయితే ఇప్పుడు కనిపించే రెండు బ్రహ్మాండమైన గుండ్రటి బురుజులు ఆ రాత్రివి కావు. 1223లో విలియం మార్షల్ అనే ప్రభువు కొడుకు, ఆయనా విలియం మార్షలే, కట్టించినవి. గోడలు బయటి వైపు మందం, లోపలి వైపు పలచన. శత్రువు ఎటు నుంచి వస్తాడో తెలిసినవాడి కట్టుబడి అది.

ఈ రెంటి మధ్యలో 1165లో కోటని లార్డ్ రీస్ పట్టుకున్నాడు. ఈయన నెస్ట్‌కి సొంత మేనల్లుడు. అంటే గెరాల్డ్ తల్లి అంగారద్‌కీ ఈయనకీ మన లెక్కలో బావామరదళ్ల వరస. కోటలు కాల్చుకున్న రెండు పక్షాలూ ఇలా ఒకే ఇంటివాళ్లు. ఆ రీసే 1176 క్రిస్మస్‌కి కార్డిగన్ కోటలో ఏడాది ముందు నుంచి చాటింపు వేయించి కవులకీ సంగీతకారులకీ పోటీలు పెట్టాడు. గెలిచినవాళ్లకి కుర్చీ బహుమానం. కవిత్వంలో ఉత్తరాది గ్వినెడ్ కవులు గెలిచారు. సంగీతంలో రీస్ కొలువులోని కుర్రాడే గెలిచాడు. ఇంటి కుర్చీ ఇంట్లోనే ఉంది. అప్పుడు కూడా వెనక గుసగుసలు వినబడే ఉంటాయి.

వేల్స్ భాషలో ఇలాంటి పోటీ పండగని ఐస్టెద్‌వోద్ అంటారు. మొట్టమొదటిదిగా చెప్పుకునేది ఆ కార్డిగన్ పోటీనే. నేటికీ జాతీయ స్థాయిలో ఏటా ఆగస్టు మొదటి వారంలో జరుగుతుంది. ఒక ఏడు ఉత్తరాన, ఒక ఏడు దక్షిణాన. ఛందస్సులో రాసినవాడికి కుర్చీ, వచన కవికి కిరీటం. మైదానమంతా వెల్ష్ భాషే. 850 ఏళ్లు నిండే సందర్భంగా 2026 ఆగస్టుకి దాన్ని కిల్‌గెరన్ పక్కనే ఉన్న లాన్‌టుద్‌కి ఇచ్చారు. పుట్టి పందేలూ కవుల పోటీలూ ఒకే నెలలో పడితే ఈ ఇరుకు రోడ్ల మీద ఎదురెదురుగా వచ్చిన కార్లలో ఎవరు వెనక్కి తీయాలన్నదే పెద్ద పోటీ.

చర్చి దొడ్లో ఉన్న రాయిని కూడా చూడండి, కోట చూసి అటే వెళ్లిపోకుండా. 6వ శతాబ్దపు శాసనం. ట్రెనెగుస్సుస్ అనే వ్యక్తి, మకుట్రేనుస్ కొడుకు, ఇక్కడ ఉన్నాడని లాటిన్‌లో ఒకసారి. అంచు మీద గీతలు గీతలుగా ఓగమ్ లిపిలో మళ్లీ. ఐర్లండ్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల లిపి అది. ఇదే చర్చిలో థామస్ ఫేయర్‌కి స్మారకం ఉంది. 16వ శతాబ్దపు వైద్యుడు, లాయరు కూడా. పిల్లల జబ్బుల మీద ఇంగ్లీషులో వచ్చిన మొదటి పుస్తకం ఈయనదే. రోగులూ కేసులూ చాలవన్నట్టు ఈ ఊరి పొలిమేరలో ఫారెస్ట్ అనే ఇంట్లో కూర్చుని వర్జిల్ మహాకావ్యం ఈనీడ్‌ని ఇంగ్లీషు పద్యాల్లోకి దించుతూ, పూర్తి కాకుండానే 1560లో పోయాడు.

ఈ లోయని చూసి ఇంత అందమా అనుకునేవాళ్లు 150 ఏళ్ల కిందట వచ్చి ఉంటే ముక్కు మూసుకునేవాళ్లు. గట్టు పొడుగునా పలకరాయి క్వారీలు. మనం బళ్లో రాసుకున్న రాయే, ఇక్కడ ఇళ్లకీ కప్పులకీ సమాధులకీ వాడారు. పోటు చూసుకుని పడవల్లో కార్డిగన్‌కి దింపేవారు. పనికిరాని రాయిని అక్కడే ఏట్లోకి దొర్లించేవారు. నది పూడుకుపోతోందని గోల కూడా అప్పుడే మొదలైంది. ఎగువన లెచ్‌రిడ్ దగ్గర 18వ శతాబ్దంలో టిన్‌ప్లేట్ కార్ఖానా ఉండేది, అది ముందే మూతపడింది. క్వారీలు రెండో ప్రపంచయుద్ధం నాటికి ఆగిపోయాయి. రైలు 1886లో కార్డిగన్ దాకా వచ్చింది, దానికి కార్డీ బాఖ్ అని ముద్దుపేరు. 1962లో ఆఖరి ప్రయాణికులు దిగిపోయారు. విచిత్రమేమిటంటే ఈ క్వారీల చప్పుడు మొదలైన రోజుల్లోనే చిత్రకారులు పడవెక్కి కోటని గీయడానికి వచ్చేవారు. 1799లో లండన్‌లో టర్నర్ ప్రదర్శించిన బొమ్మలో కోట వెనక పొద్దుటి మంచు కమ్ముకుని ఉంటుంది. క్వారీ దుమ్ము లేదు. చిత్రకారుడి ఇష్టం.

రైలు కట్ట ఇప్పుడు నడకదారి. కార్డిగన్ నుంచి చిత్తడి నేలల మీదుగా కిల్‌గెరన్‌కి వస్తుంది. ఈ చిత్తడి కూడా పాత నది చేసినదే. మంచుయుగానికి ముందు తైవి ఇటుగానే పోయేది. మంచు తెచ్చిన మట్టితో ఆ దారి పూడుకుపోతే, నది పక్కకి జరిగి రాతిని కోసుకుని కిల్‌గెరన్ లోయ చేసుకుంది. వదిలేసిన వెడల్పాటి పల్లంలో ఇప్పుడు పిలియై అనే చిన్న వాగు పారుతుంది, తండ్రి కోటు తొడుక్కున్న పిల్లాడి మాదిరి. ఇక్కడ రెల్లు ఏపుగా పెరిగి నీటి మడుగుల్ని మూసేయకుండా మేపడానికి గేదెల్ని పెట్టారు. నిజం గేదెలే, మన నీటిగేదెలు. బురదలో మెడదాకా మునిగి, నెమరేస్తూ, దూరం నుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్లని అస్సలు పట్టించుకోవు. బైనాక్యులర్స్‌తో నీటికుక్కల కోసం, లకుముకి పిట్టల కోసం వెతికే జనం మధ్య గేదెని గుర్తుపట్టి మురిసిపోయేది బహుశా మనవాళ్లే.

చలికాలం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. నాలుగున్నరకి చీకటి. ఇంట్లో కావల్ అనే పులుసు, మటన్‌తో దుంపలూ లీక్ ఉల్లికాడలూ ఉడికించింది. చేసిన రోజు కంటే మర్నాడు రుచి. గట్టిగా వానపడితే లెచ్‌రిడ్ వంతెన మునుగుతుంది. చాలా తక్కువ ఎత్తున కట్టిన పాతకాలపు వంతెన అది. అవతలికి పనున్నవాళ్లు గమ్మున కార్డిగన్ చుట్టు తిరిగి వెళ్తారు. జనవరి 1న పిల్లలు మధ్యాహ్నం లోపు ఇల్లిల్లూ తిరిగి పాడి డబ్బులు వసూలు చేసుకునే ఆచారం ఈ వైపు ఉంది, దాన్ని కలెనిగ్ అంటారు. పక్కనే ఉన్న గ్వైన్ లోయవాళ్లకి మాత్రం కొత్త సంవత్సరం జనవరి 13న. 1752లో బ్రిటన్ క్యాలెండరు మార్చి 11 రోజులు ఎగరగొడితే వీళ్లు ఒప్పుకోలేదు. ఆ పట్టు ఇంకా వదల్లేదు. అక్కడి పిల్లలకి ఆ రోజు కూడా పాటలు, డబ్బులు.

మార్చి 1 సెయింట్ డేవిడ్ రోజు. ఆయన మఠం కట్టుకున్నదీ పెంబ్రోక్‌షైర్‌లోనే, పడమటి కొసన. బడిపిల్లలు చొక్కాలకి డాఫోడిల్ పువ్వో లీక్ కాడో గుచ్చుకుని వస్తారు. లీక్ పెట్టుకున్న క్లాసులో వాసన సాయంత్రం దాకా ఉంటుంది. ఏప్రిల్ ఆఖరి శనివారం కార్డిగన్‌లో బార్లీ శనివారం. బార్లీ విత్తనాలు చల్లడం పూర్తయిన సందర్భంగా 1871 నుంచి చేస్తున్న పండగ. వెల్ష్ కాబ్ జాతి గుర్రాల్ని ముందు మైదానంలో పరీక్షించి, తర్వాత బజారులో పరుగెత్తిస్తారు. పక్కన పరుగెత్తే మనిషి తెల్ల దుస్తుల్లో చెమటలు కక్కుతూ ఉంటాడు, గుర్రం మాత్రం నవ్వుతున్నట్టే ఉంటుంది. వాటి వెనక పాత ట్రాక్టర్లు, పాత కార్లు. ఆ మధ్యాహ్నం బజారు వీధిలోకి బండ్లు రానివ్వరు కాబట్టి కిల్‌గెరన్ నుంచి బయల్దేరేవాళ్లకి రైలు కట్ట మీద నడకే నయం. గేదెల దగ్గర ఆగి కబుర్లలో పడితే మాత్రం గుర్రాలు వెళ్లిపోయి, ట్రాక్టర్ల పొగే మిగులుతుంది.